వలి తాగలేదు

మదనపల్లె నుంచి కుప్పం పోయే ఆ బస్సులో డ్రైవరుకూ కండక్టరుకూ మాటల్లేవు.

కండక్టరు గంగులప్పది కలకడ. డ్రైవరు మునిచంద్రది రామకుప్పం. ఉగాదికి ముందు మునిచంద్ర రాగిచేలో ఏనుగులు పడి సగం మేసి, సగం తొక్కి పోయాయి. డిపోలో అందరూ అయ్యో అంటుంటే గంగులప్ప టీ ఊదుకుంటూ, "మళ్ళా వచ్చినాయా?" అని అడిగాడు. రాలేదన్నాడు మునిచంద్ర. "యాడొస్తాయిలే. నీ రాగులు ఒకతూరి తిన్నాయి గదా" అన్నాడు గంగులప్ప. డిపో అంతా విరగబడి నవ్వింది. మునిచంద్ర నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరి మధ్య అదే ఆఖరి మాట.

మాట ఆగినా బస్సు ఆగలేదు. బస్సుకు మాటలక్కర్లేదు, తాడు చాలు. తాడు లాగితే డ్రైవరు నెత్తిమీద గంట మోగుతుంది. ఒకసారి మోగితే ఆగాలి. రెండుసార్లు మోగితే కదలాలి. చాలా కాపురాలు ఇంతకన్నా తక్కువ మాటలతోనే గడిచిపోతున్నాయి. గంటతో తెగని సంగతి ఏదన్నా ఉంటే ముందుసీటు ఆడవాళ్ళ మీదుగా నడిచేది. "ఆ మనిషికి చెప్పమ్మా, డీజిలు పట్టాలని." "ఈ మనిషికి చెప్పమ్మా, నాకూ కళ్ళుండాయని."

మునిచంద్రకు ఇంకో మొండితనం ఉంది. రెండు గంటలు వినపడందే చక్రం కదిలించడు. ఒకసారి పెద్దపంజాణి దగ్గర తాడు తెగింది. గంగులప్ప వెనకనుంచి "పోనీ, పోనీ" అని గొంతు చించుకున్నాడు. మునిచంద్ర బీడీ ముట్టించుకుని ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. చివరికి గంగులప్ప తన అన్నం క్యారియరు మూత తీసుకుని ఠంగు ఠంగుమని రెండు దెబ్బలు కొడితే అప్పుడు కదిలింది బస్సు.

గంగులప్పకు టికెట్టు కొట్టడమే ఉద్యోగం. ఎవరి కష్టం వాళ్ళ మూటలో కట్టుకుని, ఆ మూట కాళ్ళ కింద పెట్టుకోవాలన్నది అతని పద్ధతి. అతని పెళ్ళాం కలకడ వీధిలో పడిపోయిన రోజు వీధంతా గుమిగూడింది. చూడ్డానికి గుమిగూడింది. ఎత్తడానికి ఒక్కడు వంగలేదు. ఆమె పోయింది. అప్పట్నుంచి జనం అంటే అతనికి సీట్ల లెక్కే.

ఆ పొద్దు బస్సు నిండా ఆడవాళ్ళు. అందరికీ ఉచిత టికెట్లే. మదనపల్లె బస్టాండులో ఒక నడివయసు మనిషి అత్తగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, కిందనుంచి డబ్బు అందించాడు. "ఆధారు కార్డు మర్సిపోయింది అప్పా. కుప్పానికి కొట్టు. ఆడ కొడుకు నిలబడుంటాడు" అని చెప్పి పనికి పొద్దుపోతుందని పరుగెత్తాడు. ఆమె పేరు వసంతమ్మ. వాణియంబాడి వైపు మనిషి. అరవం తప్ప ఇంకో భాష రాదు. అల్లుడు ఆ సంగతి చెప్పలేదు, గంగులప్ప అడగలేదు. నుదుట రూపాయంత బొట్టు, మెడలో పసుపుతాడు, నోట్లో మాట లేదు. డబ్బిచ్చి ఎక్కిన ఆడమనిషి బస్సులో ఆమె ఒక్కతే. గంగులప్పకు ముచ్చటేసింది.

ఊరు దాటాక వసంతమ్మ మూలగడం మొదలుపెట్టింది.

"వలి... అయ్యో, వలి..."

అరవంలో వలి అంటే నొప్పి. ఆమెకు గుండెలో నొప్పి వచ్చింది. ఆ ముక్క బస్సులో ఒక్కడికి తెలుసు. ఆ ఒక్కడు ఇంజను పక్కన కూర్చుని బస్సు తోలుతున్నాడు. ఆ ఇంజను మోతలో అతనికి గంట తప్ప ఇంకేమీ వినపడదు.

పక్కసీట్లో బుజ్జమ్మ ఉంది. మదనపల్లె మార్కెట్టులో టమోటాలు ఏరే మనిషి. మార్కెట్టు గోలలో పెంచుకున్న గొంతు. ఆ గొంతుతో ఆమె రహస్యం చెప్పినా వీధి చివరకు వినపడుతుంది.

"ఏమమ్మా, వలి ఎవురు? నీ కొడుకా?"

"ఆఁ..." అని మూలిగింది వసంతమ్మ.

"కొడుకేనంట!" అని బస్సుకంతా చాటింది బుజ్జమ్మ.

"బొట్టు పెట్టుకోనుండాది, కొడుక్కి వలి అని పెట్టుకుంటుందా?" అన్నాడు వెనకసీటులో ఒక మీసాలాయన.

"దర్గాకు మొక్కుకోని పెట్టింటాది. యాల, మా చిన్నాయన పేరు ఫకీరప్ప కాదా? మా పక్కింటి ఆయమ్మ మస్తానమ్మ కాదా? నీకేం తెల్సు నువ్వు కూకో."

మీసాలాయన కూర్చున్నాడు. వసంతమ్మ గొంతు పెంచింది.

"వలి తాంగలే! వలి తాంగలే!"

నొప్పి ఓర్చుకోలేకపోతున్నాను అంటోంది. బుజ్జమ్మ చెవికి అది వేరేగా చేరింది.

"తాగలేదంట!"

"ఎవురు?"

"ఆ వలి అప్పా! తాగలేదంటాండాది తల్లి."

మీసాలాయన మళ్ళీ లేచాడు. "అయితే పట్టుకోనుంటారు. పొద్దున బైపాసు కాడ పోలీసోళ్ళు ఊదిస్తాండ్రి, నేను సూసినా."

"పొద్దున్నే యాల ఊదిస్తారప్పా?"

"తాగేటోనికి పొద్దేముండాది, మాపేముండాది?"

"తాగలేదని కన్నతల్లి చెప్తాంటే నువ్వెవురు తాగేటోడనేదానికి?" అని బుజ్జమ్మ కయ్యిమంది. బస్సు రెండుగా చీలింది. తాగాడనేవాళ్ళు వెనక, తాగలేదనేవాళ్ళు ముందు. వలిని ఎవరూ చూడలేదు. చూడకపోయినా అతని మీద అప్పటికే ఇద్దరు కొట్టుకునేదాకా వచ్చారు.

ఆమె "ఉయిరు పోవుదు" అంది. ప్రాణం పోతోంది అని. "ఊరు పోవద్దు అంటాండాది" అని తేల్చింది బుజ్జమ్మ. "కొడుకు లేకుండా ఊరికి పోవద్దంట. తల్లి పేగు అప్పా అది."

ఆమె ఎడమచెయ్యి లాగేస్తోందని, ఆ చెయ్యి కాస్త ఎత్తి చూపించింది. ఎడమపక్క కిటికీ. కిటికీ బయట పుంగనూరు మొదటి ఇళ్ళు.

"పుంగనూర్లో ఉండాడంట! సూపిస్తాండాది సూడండి!"

గంగులప్ప ఇదంతా వింటూ మిషను మీటలు నొక్కుకుంటూ టికెట్లు కొట్టుకుంటూ పోయాడు. "కండక్టరప్పా, నిన్నే" అంది బుజ్జమ్మ. "పుంగనూర్లో దిగి ఆ వలిని పిలువు."

"తప్పిపోయినోళ్ళను ఎతికేదానికి నాకు జీతం ఇయ్యరు."

"అట్లనా?" అని బుజ్జమ్మ సీటెక్కి నిలబడి గంటతాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. "పిలిస్తే ఇడుస్తా. లేకుంటే బస్సు పుంగనూర్లోనే ఉంటాది, నువ్వూ ఆడనే ఉంటావు."

పుంగనూరు బస్టాండులో బస్సు ఆగింది. మునిచంద్ర దిగి టీ అంగడికి పోయాడు. వెనక జరుగుతున్నది అతనికి తెలియదు, అడిగే మనిషి కాదు. గంగులప్ప తాడు వైపు చూశాడు. బుజ్జమ్మ పిడికిలి చూశాడు. తిట్టుకుంటూ దిగాడు.

బస్టాండు ముందర దోమతెరలు అమ్మే ఆటో ఒకటి ఆగి ఉంది. దాని మీద గిన్నెమైకు. "దోమతెరలూ... సింగిల్ కాటు, డబుల్ కాటూ..." అని రికార్డు తిరుగుతోంది. ఆ మైకు జలుబు చేసినట్టు మాట్లాడుతుంది. తెరలంటే "తెంరలు" అని పడుతుంది. గంగులప్ప ఆటోవాడిని అడిగి మైకు అందుకున్నాడు. రికార్డు ఆపడం ఆటోవాడికి చేతకాలేదు.

"కుప్పం బస్సులో మీయమ్మ కూర్చోనుండాది—"

"సింగిల్ కాటూ—"

"వలి అనే మనిషి యాడున్నా రావల్ల. నువ్వు తాగలేదని మీయమ్మే చెప్తాండాది. వలి తాగలే! వలి తాగలే!"

"డబుల్ కాటూ—"

ఆటోవాడు గంగులప్ప భుజం తట్టాడు. "అన్నా, నా పేరు కూడా వలినే."

"తాగినావా?"

"నాకు ఆ అలవాటే లేదన్నా."

"అయితే నువ్వే. ఎక్కు."

"మాయమ్మ ఇంట్లో ఉండాదన్నా!"

"ఎక్కి చెప్పు ఆ మాట."

భుజాన దోమతెర అట్లానే ఉండగా వాడు బస్సెక్కాడు. ఇంతలో మెడలో టేపు వేలాడుతున్న దర్జీ ఒకడు పరుగెత్తుకొచ్చాడు. అతనూ వలినే. తాగలేదని తన గురించి మైకులో ఎవరు చెప్పారో తెలుసుకుని, ఆ మాట తన పెళ్ళానికి కూడా చెప్పించాలని వచ్చాడు. వాళ్ళ వెనకాల కర్ర పోటేసుకుంటూ తెల్లగడ్డం ముసలాయన వచ్చాడు.

"మీ పేరు?" అన్నాడు గంగులప్ప.

"పెద్ద వలి అంటారు నాయనా. మాయమ్మ సచ్చిపోయి శానా కాలమాయె. అయినా అమ్మ పిలస్తాండాదంటే ఊరికే ఎట్ల కూకుండేది?"

ముగ్గురు వలీలూ వసంతమ్మ ముందు వరసగా నిలబడ్డారు. ఆమె మొహమంతా చెమట. ఒక్కొక్కరి వైపూ చూసి ఏడుస్తూ "వలి" అంది. ముగ్గురినీ అదే అంది.

"ముగ్గురినీ ఒప్పుకుంటాండాది" అంది బుజ్జమ్మ. "మీలో ఎవురో ఒకరు ఆయమ్మను ఒప్పుకోండప్పా, పుణ్యముంటాది."

"నేను ఒప్పుకుంటా" అన్నాడు పెద్ద వలి. అతను ఆమెకన్నా పదేళ్ళు పెద్ద.

అక్కడ టీ అంగడి దగ్గర మునిచంద్ర మైకులో విన్న మాటనే ఇంకా తలలో తిప్పుకుంటున్నాడు. ఉన్నట్టుండి చేతిలో గ్లాసు ఒలికింది. మైకులో వినబడింది గంగులప్ప గొంతే. కానీ ఆ జలుబు మైకు 'తాగలే'ను మళ్ళీ 'తాంగలే' చేసేసింది. బస్సులో తెలుగైపోయిన మాటను మైకు పాడుచేసి అరవం చేసింది. మునిచంద్ర వాళ్ళమ్మది అరవదేశం. చిన్నప్పట్నుంచి ఆమె నడుంనొప్పికి, పంటినొప్పికి, వాళ్ళ నాయనకూ కలిపి ఆ మాటే అరిచేది. అతను గ్లాసు పారేసి బస్సులోకి దూకి, వలీలను పక్కకు నెట్టి, వసంతమ్మ ముందు వంగాడు.

"ఎంగమ్మా వలిక్కిదు?"

ఎక్కడమ్మా నొప్పి అని ఎవరో అడిగేసరికి ఆమె బావురుమని చెయ్యి గుండె మీద పెట్టుకుంది. "నెంజు... నెంజు..."

మునిచంద్ర లేచి బుజ్జమ్మ వైపు తిరిగాడు. గంగులప్ప ఆమె పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉన్నాడు.

"ఆ మనిషికి చెప్పమ్మా! వలి అంటే మనిషి కాదు, నొప్పి! ఈయమ్మకు గుండెపోటు! ఆస్పత్రికి పోవల్ల. గంట కొట్టమను!"

"అప్పా, వలి అంటే—"

"వినపడిందిలేమ్మా. ఆస్పత్రి మన రూట్లో లేదని చెప్పు."

నోరు దాటిన తర్వాత ఆ మాట గంగులప్పకే వినపడింది. మునిచంద్ర పోయి సీట్లో కూర్చుని ఇంజను వేశాడు. గేరు వేశాడు. వెనక్కి తిరగలేదు. గంట కోసం చూస్తున్నాడు. రెండు గంటలు మోగందే కదలడు. ఆ మొండితనం అప్పుడు చూపించాడు.

వసంతమ్మ చెయ్యి చాపి గంగులప్ప ఖాకీ చొక్కా అంచు పట్టుకుంది. దారి పొడుగునా ఆమె అడిగింది బుజ్జమ్మను కాదు, మీసాలాయనను కాదు. ఆ ఖాకీ చొక్కానే.

గంగులప్పకు కలకడ వీధి గుర్తొచ్చింది. ఆ రోజు చుట్టూ నిలబడ్డవాళ్ళు కూడా ఇలాంటిదే ఏదో రూలు అనుకుని ఉంటారు. అతను వాళ్ళను క్షమించలేదు. ఇప్పుడూ క్షమించలేదు.

"ఇడువమ్మా తాడు" అన్నాడు.

లాగాడు. రెండుసార్లతో ఆపలేదు. లాగుతూనే ఉన్నాడు. ఆగకుండా మోగే గంటకు ఏం చేయాలో ఏ రూలులోనూ లేదు. మునిచంద్రకు అర్థమైంది. బస్సు ఎగిరి గంతేసింది.

పుంగనూరు వీధుల్లో అటువంటి ఊరేగింపు అంతకుముందు లేదు. కుప్పం బోర్డు పెట్టుకున్న బస్సు కుప్పానికి వీపు తిప్పి, గంట గణగణలాడించుకుంటూ, హారను కొట్టుకుంటూ సందుల్లో పడి పరిగెత్తింది. ఐసుబండి అనుకుని పిల్లలు వెంటబడ్డారు. ఫైరింజను అనుకుని ఒకాయన మిద్దె మీదనుంచి బిందెతో నీళ్ళు కుమ్మరించాడు. ఆ నీళ్ళు కిటికీలోంచి మీసాలాయన మీద పడ్డాయి. "లెఫ్టు! లెఫ్టు!" అని ఆడవాళ్ళంతా రైటు చూపించారు. దర్జీ వలి తలుపు మెట్టు మీద నిలబడి తన టేపు ఊపుతూ, "జరగండి! గుండె! గుండె!" అని అరుస్తుంటే ఆటోలు కాలవల్లోకి దిగిపోయాయి. బుజ్జమ్మ వసంతమ్మను ఒళ్ళో పెట్టుకుని విసురుతోంది. గంగులప్ప రెండు చేతులా తాడు పట్టుకుని వేలాడుతూ గంట కొడుతున్నాడు. అతను నవ్వుతున్నాడా ఏడుస్తున్నాడా అని ముందుసీటామె ఒంగి మరీ చూసింది. ఆమెకు తేలలేదు.

ఆసుపత్రి గేటు బస్సుకు పట్టలేదు. దోమతెరల వలి భుజాన ఉన్న తెర దించి, నాలుగు మడతలు పెట్టి పరిచాడు. "డబుల్ కాటు, ఏమీ కాదు, పట్టండి" అన్నాడు. నలుగురు నాలుగు మూలలు పట్టి వసంతమ్మను ఉయ్యాలలాగా మోసుకుపోయారు. పెద్ద వలి ముందు నడుస్తూ కర్రతో దారి చేశాడు. వెనక బస్సంతా దిగి నడిచింది.

"ఏమైంది? ఎవరికి?" అంటూ నర్సు ప్రమీల ఎదురొచ్చింది.

"వలి!" అని బస్సంతా ఒకే గొంతుతో అరిచింది.

"వలి ఎవరు?"

ముగ్గురు చేతులెత్తారు. ముందున్న దర్జీ రెక్క పట్టుకుని ప్రమీల మంచమెక్కించింది. చొక్కా గుండీలు విప్పడం కూడా అయింది. దర్జీ కిమ్మనలేదు. ఆసుపత్రిలో అడిగినట్టల్లా చేయాలని అతని నమ్మకం. మునిచంద్ర వచ్చి అతన్ని కాళ్ళు పట్టి కిందికి లాగి, ఆ జాగాలో వసంతమ్మను పడుకోబెట్టేదాకా ఎవరికీ సంగతి బోధపడలేదు.

డాక్టరు జాహ్నవి వచ్చింది. చిన్నపిల్లలా ఉంది. అందరినీ ఒక్క అరుపుతో వరండాలోకి తోసింది. అప్పుడు నవ్వులన్నీ ఆగాయి. బస్సు జనమంతా గోడవారగా చేరి, పరీక్ష రాసినోళ్ళలా గోళ్ళు కొరుక్కున్నారు. కుప్పానికి పొద్దుపోతోందని ఒక్కరూ అనలేదు. మునిచంద్ర వసంతమ్మ సంచిలో ఫోను తీసి, కుప్పం బస్టాండులో నిలబడ్డ కొడుక్కి అరవంలో చెబుతున్నాడు.

డాక్టరు తల బయట పెట్టింది. "రక్తనాళం మూసుకుంది. ఇంజెక్షన్ ఇచ్చాం. సమయానికే తెచ్చారు. కానీ ఆమె భయంతో వణికిపోతోంది. ఆ భయం తగ్గకపోతే గుండెకే కష్టం. ఎవరైనా వచ్చి పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పండి. ఆమెతో వచ్చినవాళ్ళెవరు?"

ఆమెతో ఎవరూ రాలేదు. బస్సు జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత అందరూ గంగులప్పను చూశారు. టికెట్టు కొట్టింది అతనే కదా.

గంగులప్ప వరండా చివరికి నడిచి మునిచంద్ర ఎదురుగా నిలబడ్డాడు. మునిచంద్ర ఫోను పక్కకు పెట్టాడు. బుజ్జమ్మ అలవాటు కొద్దీ వాళ్ళిద్దరి మధ్యకు వచ్చింది.

"నువ్వు జరుగమ్మా" అన్నాడు గంగులప్ప. "మునిచంద్రా."

మునిచంద్ర బుజ్జమ్మ వైపు చూశాడు. "ఎవురో పిలిచినట్టుండాదే?"

"నేనే పిలిచినా. భయపడొద్దు అనేదానికి అరవంలో ఏమంటారప్పా?"

మునిచంద్ర అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు. చొక్కా అంచు నలిగి ఉంది. తాడు లాగి లాగి రెండు అరచేతులూ కందిపోయి ఉన్నాయి.

"బయప్పడాదీంగ."

"అంతేనా? అది మన మాటే గదా!"

"నోరుమూసుకోని పోయి చెప్పు."

గంగులప్ప లోపలికి పోయాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, టికెట్ల సంచి ఒళ్ళోకి సర్దుకున్నాడు. పరాయి మనిషికి ధైర్యం చెప్పి అతనికి అలవాటు లేదు. గొంతు సవరించుకుని, స్టేజీ పేరు కేకేసినట్టు కేకేశాడు.

"బయప్పడాదీంగో!"

ప్రమీల ట్రే జారవిడిచింది. వసంతమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఖాకీ చొక్కా కనిపించింది. ఆమె మొహంలో బిగువు మెల్లగా వదిలింది. అతను ఈసారి గొంతు తగ్గించి ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి అన్నాడు. అతని దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి, నెమ్మదిగా, గట్టిగా, బతిమాలినట్టు, తిట్టినట్టు చెబుతూ పోయాడు. ఆమె వణుకు తగ్గింది. పెదాలు కదిపి ఏదో అంది. అతను చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మళ్ళీ అదే అంది.

గంగులప్ప లేచి తలుపు దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మునిచంద్రా! ఆయమ్మ తన్నీ, తన్నీ అంటాండాది. ఎవుర్ని తన్నాలంట?"

"నిన్నే" అన్నాడు మునిచంద్ర, ఆలోచించకుండా.

గంగులప్ప ఆలోచించాడు. "న్యాయంగానే అడిగింది" అన్నాడు.

మునిచంద్ర గోడ పట్టుకుని నవ్వాడు. నవ్వలేక మెట్ల మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ, తన నీళ్ళ సీసా తీసి అతని చేతికిచ్చాడు.

"నీళ్ళప్పా. నీళ్ళు అడుగుతాండాది. డాక్టరమ్మను అడిగి, కొంచెం కొంచెంగా తాపించు. తర్వాత తన్నుతుందిలే."